నీలం డ్రమ్ము దాటాక

మే నెలలో ఆ శనివారం నా డైరీలో మొదట రాసింది ఒక్క వాక్యమే. "నేను చెప్పకముందే నా చెయ్యి గేరు మార్చేస్తోంది." దాని కింద వరసగా అంకెలు: 4100, 3900, 4000, 4200, 3900. మామూలుగా నా డైరీలో చదివిన పుస్తకాల సంగతులు ఉంటాయి, నలుగురిలో అనలేక ఇంటికి తెచ్చుకున్న మాటలు ఉంటాయి. అంకెలు రాసుకోవడం అదే మొదటిసారి.

నేను నెల్లూరులో ఆడవాళ్లకు కారు నేర్పుతాను. స్కూలు ఒక అక్కది. వరసకు ఏమీ కాదు, అందరూ అక్క అంటారు, నేనూ అక్కా అంటాను. ఎదురుగా మనిషి నిలబడితే నాలుగు మాటలు కూడబలుక్కోలేని నేను ఈ పని ఎలా చేస్తున్నానని మా ఇంట్లో వాళ్లకు ఇప్పటికీ అనుమానమే. కారులో ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. ఇద్దరం రోడ్డు వైపే చూస్తూ ఉంటాం. అలాగైతే నేను మాట్లాడగలను.

నేర్పే కారులో ఎడమ సీటు ముందు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. అవి నావి. నేర్చుకునే ఆమె చేతిలో ఇంజను ఆగిపోబోతుంటే నా కాలు ముందే క్లచ్ తొక్కేసి ఉంటుంది. చాలామందికి నేను తొక్కినట్టు కూడా తెలియదు. తమకే బాగా వచ్చేసిందనుకుంటారు. "నీవి పాము చెవులుమే" అంటుంది అక్క. "ఇంజనుకు దగ్గు రాకముందే నువ్వు మందు పోస్తావు."

నేను రోజుకు కనీసం వందసార్లు చెప్పే మాట ఒకటుంది. "సౌండు పెరుగుతోంది కదండీ, గేరు మార్చేయండి." ఇరవైకి రెండు, ముప్పైకి మూడు, నలభైకి నాలుగు. ఇది మా స్కూల్లో ఎక్కాల్లాంటిది. అది తప్పు కావచ్చని నాకెప్పుడూ తోచలేదు. రోడ్డు మీద అది తప్పు కాదు కూడా.

మనుబోలు దాటి హైవే వదిలి సముద్రం వైపు తిరిగితే, రొయ్యల గుంటలు మొదలైన చాలాసేపటికి ఒక చిన్న రేస్ ట్రాక్ వస్తుంది. రొయ్యలు కలిసిరాని ఒకాయన గుంటలు పూడ్పించి వేయించాడని చెప్పుకుంటారు. ఇప్పటికీ మూడు వైపులా గుంటలే. నీళ్లలో గాలి కలిపే చక్రాలు తిరుగుతున్న చప్పుడు ట్రాక్ మీద నిలబడితే వినిపిస్తూనే ఉంటుంది. అక్కడ ఆడవాళ్లకు శని, ఆదివారాలు రెండు రోజుల శిక్షణ పెట్టారు. ఆదివారం మధ్యాహ్నం పరీక్ష. మూడు రౌండ్లు వదులుతారు. ఏదో ఒక రౌండు ఒక నిమిషం ఇరవై రెండు సెకన్లలోపు పూర్తి చేస్తే ఒక కాగితం ఇస్తారు. ఆ కాగితం ఉన్నవాళ్లు మళ్లీ వచ్చి ట్రాక్ మీద సాధన చేసుకోవచ్చు, కొత్తగా నేర్చుకున్న ఆడవాళ్లకు పెట్టే రేసులో దిగవచ్చు.

అక్క మా స్కూల్లో అందరి ముందూ చెప్పింది. "మన పాత కారు షెడ్డులో ఊరికే పడుండాది. దాన్ని రేసుకు తయారు చేయిస్తా. కాయితం తెచ్చుకున్నోళ్లే దాంట్లో కూర్చునేది. నేను పోతా, ఇంకొకరు రండి."

ఎవరూ చెయ్యి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. సాయంత్రం అందరూ వెళ్లాక అక్క బల్ల మీద ఒక చీటీ పెట్టి వచ్చాను. "నేను వస్తాను." ఆ రాత్రి డైరీలో ఎందుకు రావాలనుకున్నానో రాయబోయాను. నాలుగేళ్లుగా ఎడమ సీటులో కూర్చుంటున్నాను. ఎవరో నడిపే కారుకు నేను క్లచ్ తొక్కుతున్నాను. నా కోసం నేను ఎంత వేగంగా నడపగలనో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉంది. ఆ కాగితం కావాలని ఉంది. కావాలి అనే మాట నా డైరీలో అంత గట్టిగా అంతకు ముందు ఎక్కడా లేదు, వెనక్కి తిప్పి చూసుకున్నాను.

శిక్షణ ఇచ్చే సారుది తడ అవతల, తమిళనాడు వైపు తెలుగు. ప్రతి మాట చివర్లో ఒక "మా" తగిలిస్తాడు. శనివారం పొద్దున మమ్మల్ని కారు ఎక్కనివ్వకుండా ముందు ట్రాక్ అంతా నడిపించాడు. అయిదు మలుపులు. ఆఫీసు గది ముందు నుంచి బయలుదేరి రెండు మలుపులు తిరిగితే తూర్పుకు, సరిగ్గా సముద్రం వైపు, పొడుగ్గా తిన్నటి దారి. ఆ దారికి ఎడమ పక్కన నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి, రొయ్యల మేత కలుపుకునేది, ఇసుక నింపి పెట్టారు.

"ఇది మీ గుర్తుమా. మూడో గేరులో పూర్తిగా తొక్కుకుంటా వస్తారు. డ్రమ్ము దగ్గర, ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూపించే మీటరు ఆరు వేలకు వస్తుంది. అప్పుడు నాలుగు. ముందు వద్దు, తర్వాత వద్దు."

ఆ దారి చివర జడపిన్నులాగా వెనక్కి తిరిగే మలుపు. తర్వాత మళ్లీ పడమరకు ఒక తిన్నటి దారి, కొంచెం చిన్నది. చివర్లో రెండు మలుపులు పక్కపక్కనే. అంతే ట్రాక్. నాకు నడుస్తున్నంతసేపూ అది ఒక పెద్ద వాక్యంలా అనిపించింది. పైకి చదివేటప్పుడు ఎక్కడ ఆపి ఊపిరి తీసుకోవాలో చూసుకుంటాం కదా, అలా ఎక్కడ గేరు మార్చాలో చూసుకుంటూ నడిచాను. కాగితం మీద ఈ లెక్క నాకు చాలా నచ్చింది. సారు చెప్పిన కారణం ఇంకా నచ్చింది. ఇంజనుకు బలం వచ్చేది అది వేగంగా తిరిగేటప్పుడే. ముందే గేరు మారిస్తే తిరగడం ఒక్కసారి తగ్గిపోతుంది, బలం లేని చోటికి పడిపోతుంది. మళ్లీ అక్కడి నుంచి పైకి రావడానికి సమయం పడుతుంది. నాలుగేళ్లుగా గేర్లు నేర్పుతున్నాను గానీ, గేరు మార్చిన తర్వాత ఇంజను ఎక్కడికి వెళ్లి పడుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు. భలే ఉందే అనుకున్నాను.

కారు ఎక్కాక అదంతా ఎటు పోయిందో తెలియదు. తిన్నటి దారి మీదికి వచ్చాను, పూర్తిగా తొక్కాను, ఇంజను శబ్దం సన్నబడి పైకి లేచింది. నా చెయ్యి వెళ్లి నాలుగో గేరు వేసేసింది. నీలం డ్రమ్ము ఇంకా ఎంతో దూరంలో ఉంది. కారు ఒక్కసారి మెత్తబడింది, నిద్రపోయినట్టు.

పక్కన కూర్చున్న సారు మీటరు వైపు చూపించాడు. "నాలుగు వేలుమా. అప్పుడే ఎందుకు?"

"సారీ సార్."

"సారీ నాకెందుకు? ఇంకో రౌండు పో."

ఇంకో రౌండు పోయాను. 3900. ఆ తర్వాత 4000. సారు ప్రతిసారీ "ఇంజనుకు నొప్పి లేదుమా" అంటున్నాడు. నేను ప్రతిసారీ తల ఊపుతున్నాను. మీటరులో ముల్లు చూస్తూ ఆరు వేల వరకూ ఆగాలని పళ్లు బిగించుకుని కూర్చుంటే, ఈసారి కాలు ఎత్తేశాను. చెయ్యి ఆగింది గానీ కాలు ఆగలేదు. ఆ సన్నటి శబ్దం వినగానే నాలో ఎవరో లేచి పరుగెత్తుతున్నట్టు ఉంది.

సాయంత్రానికి నాకు వచ్చిన మంచి రౌండు ఒక నిమిషం ఇరవై తొమ్మిది. ఏడు సెకన్లు ఎక్కువ.

శిక్షణకు వచ్చిన మా ఐదుగురిలో నేను నేర్పిన అమ్మాయే ఒకతె ఉంది. వాళ్ల నాన్న నెల్లూరులో కార్ల సీట్లకు కవర్లు కుట్టే భాయ్. ఆ అమ్మాయి తలకు స్కార్ఫు బిగించి కట్టి, దాని మీద హెల్మెట్ పెట్టుకుని మొదటి రోజే ఇరవై మూడుకు వచ్చేసింది. హెల్మెట్ తీస్తూ నా దగ్గరికి వచ్చి నవ్వింది.

"ఏంది టీచరమ్మా, సౌండు పెరగతా ఉండాది, గేరు మార్చేయండి అంటివి గదా. నీ మాట ఇనుంటే నాకూ ఇరవై తొమ్మిదే వచ్చుండేది."

అక్క పక్కనే ఉంది. "పాపను ఏడిపించొద్దుమే. అది రేపటికి అందర్నీ కొడతాది."

"నువ్వెంతకొచ్చినావక్కా?"

"నా సంగతి అడగబాకు. నేను కాఫీకొచ్చినా."

నేను కూడా నవ్వాను. బస్సులో మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చుని ఆలోచించాను. కాగితం దక్కకపోతే అక్క ఏమీ అనదు. మళ్లీ సోమవారం ఎడమ సీటులో కూర్చుంటాను. అంతే జరుగుతుంది. కానీ నాకు అన్నిటికన్నా వింతగా ఉన్నది వేరే. నేను భయపడి గేరు మార్చడం లేదు. వేగం అంటే నాకు భయం వేయలేదు. మలుపుల్లో నేను ఎవరికీ తీసిపోలేదని సారే అన్నాడు. ఆ ఒక్క శబ్దం దగ్గరే చెయ్యి లేస్తోంది. ఎందుకు? ఈ చెయ్యికి ఇది ఎవరు నేర్పారు?

నెల్లూరులో బస్సు మారి బుచ్చిరెడ్డిపాలెం వైపు పోతుంటే కిటికీ అవతల వేసవి పంట, ఎడగారు పైరు, మొదలైంది. కాలవలో నీళ్లు అడుగున ఉన్నాయి. గట్టు మీద ఎవరిదో ఆయిల్ ఇంజను పొగ వదులుతూ కాలవలోంచి నీళ్లు తోడుతోంది. బస్సు దాన్ని దాటిపోయాక కూడా ఆ చప్పుడు కొంతసేపు వచ్చింది. అప్పుడు తెలిసింది.

నాకు పదకొండేళ్లప్పుడు వేసవి సెలవుల్లో మా నాన్న నాకొక పని అప్పగించాడు. ఆయిల్ ఇంజను పక్కన కూర్చోవడం. కాలవలో నీళ్లు తగ్గినా, పైపు అడుగున ఉండే జల్లెడకు చెత్త పట్టినా పంపు గాలి పీలుస్తుంది. లాగడానికి నీళ్లు ఉండవు గనక ఇంజను శబ్దం సన్నబడి పైకి లేస్తుంది. అది వినగానే పరుగెత్తి ఇంజను ఆపాలి. లేకపోతే నీళ్లు లేక పంపు లోపల కాలిపోతుంది. నాకు అంతకన్నా సుఖమైన ఉద్యోగం ఇప్పటికీ దొరకలేదు. గెనిమ గట్టు మీద తుమ్మచెట్టు నీడలో కూర్చుని లైబ్రరీ పుస్తకం చదువుకుంటూ, ఒక చెవి ఇంజనుకు ఇస్తే చాలు.

ఒకరోజు ఆ చెవి కూడా పుస్తకానికే ఇచ్చేశాను. అది చివరి పేజీలు చిరిగిపోయిన పుస్తకం. కథ ఎలా ముగిసి ఉంటుందా అని నేనే అల్లుకుంటూ కూర్చున్నాను. తల ఎత్తేసరికి నాన్న నీళ్లలోంచి పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. రబ్బరు కాలిన వాసన. బుచ్చి నుంచి మెకానిక్ వచ్చి బాగు చేసేదాకా రెండు రోజులు మా వరి కయ్య సగం తడిసి సగం ఎండిపోయి ఉంది. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం తింటూ కయ్య వైపే చూశాడు. ఆ తర్వాత నేను చెవి ఎప్పుడూ పక్కకు పెట్టలేదు. శబ్దం పూర్తిగా మారేదాకా కూడా ఆగేదాన్ని కాదు. మారబోతున్నట్టు అనిపిస్తే చాలు, లేచి పరుగెత్తేదాన్ని. పుస్తకం గెనిమ మీద బోర్లా పడి ఉండేది.

నా పాము చెవులు అక్కడివి.

ఇంటికి వెళ్లేసరికి ఇంకా వెలుగుంది. నాన్న పొలం దగ్గరే ఉన్నాడని అమ్మ చెప్పింది. బ్యాగు వసారాలో పడేసి నేరుగా అక్కడికే వెళ్లాను. ఇంజను నడుస్తోంది, లావుపాటి పైపు నిండా నీళ్లు కాలవలోంచి కయ్యలోకి దూకుతున్నాయి.

"ఏంది పాపా, కాళ్లు కూడా కడుక్కోకుండా వచ్చినావు?"

"నాన్నా, ఒక్కసారి ఆ పైపును నీళ్లలోంచి పైకెత్తు."

"ఎందుకు?"

"గాలి పీల్చినప్పుడు చప్పుడు ఎట్టా మారుతుందో వినాలి."

"చిన్నప్పుడు గాలి పీల్చొద్దని కాపలా పెడితే చదువుకుంటా కూర్చున్నావు. ఇప్పుడు పీల్చమని అడగతా ఉండావు."

"ఒక్క నిమిషం నాన్నా."

"నిమిషం లేదు గిమిషం లేదు. రొవంతసేపే." పంచె పైకి కట్టి కాలవలోకి దిగాడు. నేను నీళ్లు పోసే పైపు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాను. ఎందుకు పెట్టానో చెప్పలేను. చల్లగా ఉంది, బరువుగా అదురుతోంది. నాన్న అవతలి చివర పైకెత్తాడు. చేతి కింద ఆ బరువు ఒక్కసారి పోయింది. నీళ్లు రెండుసార్లు కక్కి తెగిపోయాయి. ఆ తర్వాత, నిజంగా ఆ తర్వాతే, ఇంజను శబ్దం సన్నబడి లేచింది. నా కాళ్లు ఇంజను వైపు కదిలాయి. నాన్న పైపు మళ్లీ ముంచేశాడు.

"ఇంకొకసారి."

"పిచ్చి పట్టిందా నీకు?" అన్నాడు గానీ ఇంకొకసారి ఎత్తాడు. అప్పుడూ అంతే. ముందు బరువు పోయింది, తర్వాత శబ్దం లేచింది.

ఒడ్డుకు వచ్చి కాళ్లు తుడుచుకుంటుంటే అడిగాను. "ఇంజను గట్టిగా అరిస్తే చెడిపోతుందా నాన్నా?"

"బరువు లాగతా అరిస్తే దానికేం కాదు. ట్రాక్టరు బురదలో దిగినప్పుడు అరవదా? ఒట్టిగా తిరిగినప్పుడే తంటా. అది కూడా ఇంజనుకు కాదు, పంపుకు. అయినా ఇవన్నీ నీకెందుకు? కారు నేర్పేది మానేసి మెకానిక్కు అయితావా?"

"రేపు పరీక్ష ఉంది."

"దేంట్లో?"

"గేర్లు మార్చడంలో."

"నువ్వు నేర్పేదే గదా అది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. రేస్ ట్రాక్ అని ఇంట్లో చెప్పలేదు నేను. పెద్ద డ్రైవింగ్ క్లాసు అని చెప్పాను. అబద్ధం కాదు, సగం.

ఆ రోజు డైరీలో అంకెల కింద ఒక ప్రశ్న రాసుకున్నాను. కారులో ఆ శబ్దం వచ్చినప్పుడు బరువు ఉంటుందా, పోతుందా? ఉంటే ఎక్కడ తెలుస్తుంది? చెయ్యి పెట్టడానికి అక్కడ పైపు లేదు.

ఆదివారం పొద్దున సాధనలో అది వెతికాను. మొదట స్టీరింగు మీద వెతికాను, అక్కడ లేదు. కాలి కింద లేదు. మూడో రౌండులో దొరికింది. వీపు దగ్గర. గట్టిగా తొక్కినప్పుడు సీటు మనల్ని ముందుకు తోస్తుంది. శబ్దం సన్నబడి లేస్తున్నప్పుడు కూడా ఆ తోపు తగ్గలేదు. నీళ్లు నిండుగా ఉన్నాయన్నమాట. చెయ్యి మాత్రం పాత అలవాటు కొద్దీ 4500కు మార్చేసింది. అయినా అది నిన్నటి కన్నా మెరుగు. నాలుగో గేరు పడ్డాక వీపు దగ్గర తోపు సగానికి పడిపోయింది. శబ్దం తగ్గినప్పుడే బరువు కూడా తగ్గింది. ఇన్నాళ్లూ నేను నిండుగా పారుతున్న నీళ్లను ఆపేస్తున్నాను.

పొద్దుటి మంచి రౌండు ఇరవై అయిదు. భాయ్ కూతురు సరిగ్గా ఇరవై రెండు.

మధ్యాహ్నం అక్క తెచ్చిన నిమ్మకాయ పులిహోర, ఉడికించిన గుడ్లు రేకుల షెడ్డు కింద తింటుంటే గాలి మారింది. పొద్దుటి నుంచి పడమటి వేడి గాలి. ఒంటిగంట దాటాక సముద్రం నుంచి చల్లగా మొదలైంది. మా వైపు ఇది రోజూ ఉండేదే. ఎవరూ పట్టించుకోలేదు. అక్క కొంగుతో ముఖం తుడుచుకుని "అమ్మయ్య" అంది, అంతే. రెండున్నరకల్లా ఆఫీసు మీద జెండా పడమరకు తిరిగి పటపటలాడుతోంది.

పరీక్షలో సారు పక్కన కూర్చోడు. బయట గడియారం పట్టుకుని నిలబడతాడు. మొదట అక్క వెళ్లింది, ఇరవై ఏడు చేసి దిగి "బతికుండాను, చాలు" అంది. ఇంకో ఇద్దరు వెళ్లారు, ఇద్దరూ పొద్దుటి కన్నా రెండు మూడు సెకన్లు ఎక్కువ తీసుకున్నారు. భాయ్ కూతురు నా ముందు వెళ్లింది. షెడ్డు దగ్గరి నుంచి నాకు తూర్పు దారి కనిపిస్తుంది. నీలం డ్రమ్ము దగ్గరికి రాగానే ఆ అమ్మాయి గేరు మార్చిన శబ్దం వినిపించింది, సరిగ్గా సారు చెప్పిన చోటే. కానీ ఆ తర్వాత కారు లాగలేకపోతున్నట్టు ఒక మూలుగు. పొద్దున అలా లేదు. మూడు రౌండ్లూ అలాగే చేసింది. మంచి రౌండు ఇరవై మూడున్నర.

దిగి వచ్చి హెల్మెట్ నేలకేసి కొట్టబోయి ఆగింది. "డ్రమ్ము దగ్గరే మార్చినా గదా! పొద్దున ఇట్టాగే చేస్తే ఇరవై రెండు వచ్చింది. ఏమైంది దీనికి?"

నాకు ఏదో తట్టింది గానీ పిలుపు వచ్చేసింది. హెల్మెట్ పెట్టుకున్నాను. మూడు రౌండ్లు. ఒక్కటి వస్తే చాలు.

మొదటి రౌండులో నేను ఏం చేశానో సరిగ్గా గుర్తు లేదు. ఇరవై ఆరు అని తర్వాత చెప్పారు. చెయ్యి మళ్లీ ముందే లేచి ఉంటుంది.

రెండో రౌండులో తూర్పు దారి మీదికి తిరిగాక మీటరు చూడటం మానేశాను. వీపు సీటుకు ఆనించి కూర్చున్నాను. మూడో గేరు. శబ్దం లేచింది, సన్నబడింది. నాలో ఆ పదకొండేళ్ల పిల్ల పుస్తకం పడేసి లేచింది. చెయ్యి గేరు మీద పడింది. వీపు దగ్గర తోపు అలాగే ఉంది. నీళ్లు ఉన్నాయి, కూర్చో, అని లోపల అనుకున్నాను. నీలం డ్రమ్ము వచ్చింది. తోపు అలాగే ఉంది. ఎదురుగా గాలి అద్దానికి కొడుతోంది. డ్రమ్ము వెనక్కి పోయింది. ఇంత శబ్దం నేను కావాలని ఎప్పుడూ రానివ్వలేదు. డ్రమ్ము దాటి రెండు కార్ల దూరం, మూడు కార్ల దూరం పోయాక, వీపు దగ్గర చెయ్యి తీసినట్టు, కొంచెం, చాలా కొంచెం మెత్తబడింది. నాలుగు వేశాను. కారు పడిపోలేదు. అదే ఊపులో పోయింది.

జడపిన్ను మలుపు, తిరిగి పడమరకు. అక్కడ పాత అలవాటు వచ్చి కాస్త తొందరగానే మార్చాను. చివరి రెండు మలుపుల మధ్య అందరూ నాలుగు వేసి మళ్లీ మూడుకు దించుతున్నారు. అంత చిన్న దూరంలో రెండుసార్లు మార్చడం దండగ అనిపించి మూడులోనే ఉంచాను. ఇంజను ఆ రెండు మలుపుల మధ్య అంతసేపూ అరిచింది. అరవనిచ్చాను.

మూడో రౌండుకు నాకు ధైర్యం ఎక్కువైంది. తూర్పు దారిలో డ్రమ్ము దాటి అంతే ఆగాను. బాగా వచ్చింది. పడమటి దారిలో కూడా అంతే ఆగుదామని అనుకుని ఆగాను. ఉన్నట్టుండి ఇంజను టపటపమని తెగి తెగి కొట్టుకుంది. ముల్లు ఎర్ర గీత దాటిపోయింది. అంతకు మించి తిరగకుండా ఇంజనే పెట్రోలు ఆపేసుకుంటుందని సారు మొదటి రోజు చెప్పి ఉన్నాడు. కంగారుగా గేరు వేసేసరికి అది తప్పు చోట పడింది. ఆ రౌండు పోయింది.

కారు ఆపి దిగాను. సారు గడియారం చూసుకుంటూ వచ్చాడు. అక్క, భాయ్ కూతురు వెనక వచ్చారు.

"రెండోది ఇరవై ఒకటి పాయింట్ ఎనిమిదిమా."

అక్క నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"డ్రమ్ము దాటి మార్చావే. ఎవరు చెప్పారు?" అన్నాడు సారు.

అందరూ నా ముఖమే చూస్తున్నారు. కారులో లాగా రోడ్డు వైపు చూడటానికి లేదు. పొలం, పైపు, అరచెయ్యి, వీపు అన్నీ ఒక్కసారి నోటికి వచ్చాయి. "నీళ్లు సార్" అన్నాను.

సారు వెంటనే తన చేతిలో సీసా ఇచ్చాడు. తాగాను. నిజంగానే దాహంగా ఉంది.

భాయ్ కూతురు మాత్రం వదల్లేదు. షెడ్డు వెనక్కి లాక్కెళ్లింది. ఇద్దరం పక్కపక్కన గుంటల వైపు చూస్తూ నిలబడితే చెప్పగలిగాను. గాలి ఎదురుగా ఉందని, కారు డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి పొద్దుటంత వేగం అందుకోలేదని, అందుకే అక్కడ మారిస్తే ముందే మార్చినట్టని. చెబుతుంటే నాకే తెలుస్తోంది. కారులో ఉన్నప్పుడు ఇదంతా ఆలోచించలేదు.

"అంటే డ్రమ్మును ఇంకాస్త ముందుకు జరపాల్నా?" అంది.

"మధ్యాహ్నం అయితే."

"మరి ముందే చెప్పొచ్చు గదా టీచరమ్మా!"

"నాకు ముందు తెలియదు."

ఇంకో అవకాశం ఇమ్మని సారును బతిమాలింది. వచ్చే నెల మళ్లీ పెడతారట, అప్పుడు రమ్మన్నాడు. ఈసారి జెండా చూసి ఎక్కుతానంది.

ఇంటికి వచ్చి నాన్నకు కాగితం చూపించి అంతా చెప్పాను, రేస్ ట్రాక్ అని కూడా. నాన్న కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. కోపం వస్తుందేమోనని నిలబడ్డాను. ఆయన మంచం మీద సర్దుకుని కూర్చుని ట్రాక్ ఎలా ఉందో నేల మీద గీయమన్నాడు. చాక్‌పీసుతో గీశాను. సముద్రం ఎటో, గాలి ఎటో అడిగాడు. తూర్పు దారి మీద వేలు పెట్టి "ఇక్కడ గాలి ఎదురు. ఆలస్యంగా మార్చినావు. బాగుండాది" అన్నాడు. వేలు మలుపు తిప్పి పడమటి దారి మీదికి తెచ్చాడు.

"తిరిగొచ్చేటప్పుడు గాలి ఎనక నుంచి తోస్తాది గదా. ఇక్కడ ముందే మార్చినావా మరి?"

మూడో రౌండు. తూర్పున ఆగినంతే పడమరన కూడా ఆగాను. వీపును అడగనే లేదు. వెనక గాలికి కారు ముందే వేగం అందుకుంది, ముల్లు ఎర్ర గీత దాటింది.

"అందుకా!" అన్నాను.

"ఏంది అందుకా?"

"అక్కడే చెడింది నాన్నా, చివరి రౌండు."

"చెడకేం చేస్తాది" అన్నాడు, నేను గెనిమ మీద పుస్తకం పట్టుకుని పంపు కాల్చిన రోజు అనని మాట ఇప్పుడు అన్నట్టు. వెంటనే, "మరి రెండూ సరిగ్గా మార్చుంటే ఎంతకొచ్చుండేది?"

తెలియదు. డైరీలో ఆ ప్రశ్న అలాగే రాసి, కింద ఖాళీ వదిలాను. రెండో రౌండులో పడమరన నేను మార్చింది తొందరగానా, సరిగ్గానా? అలవాటే గాలికి సరిపోయిందా? కాగితం డైరీలో ఆ పేజీ దగ్గరే పెట్టాను. అది ఉంది గనక వచ్చే ఆదివారం మళ్లీ ట్రాక్ మీదికి వెళ్లవచ్చు. మధ్యాహ్నం వెళ్తాను, గాలి తిరిగాక. నాన్న కూడా వస్తానన్నాడు. ఆ ఇసుక డ్రమ్ము ఎక్కడ పెట్టారో ఒకసారి చూడాలట.